ఎడమ రిలే, నాలుగో జాయింటు

3 జూన్ 1998

మామయ్యకి,

ఇక్కడ అందరం క్షేమమని రాసి మొదలుపెట్టాలి కాబట్టి రాసేశాను. అందరం అంటే నాన్న, అమ్మ, నేను. ఒకే ఇంట్లో మూడు గదుల్లో ముగ్గురం. నిన్ను నువ్వు అనాలో మీరు అనాలో తేలక ఇప్పటికే రెండు కాగితాలు చింపాను. చివరిసారి చూసినప్పుడు నాకు పన్నెండేళ్ళు, అప్పుడు నువ్వు అనేదాన్ని. ఇప్పుడు మీరు అంటే ఎవరో ఆఫీసరుకి అర్జీ పెట్టుకుంటున్నట్టుంది. అందుకని నువ్వే. కోపం వస్తే జవాబులో తిట్టు.

నీ చిరునామా అమ్మకి నువ్వు ఎప్పుడో రాసిన కార్డు మీద దొరికింది. దానికి అమ్మ జవాబు రాసిందో లేదో నేను అడగలేదు.

విషయం దొరసాని గురించి. మర్చిపోయి ఉండవు. ఆకుపచ్చ రంగు, రెండు సీట్లు, తలుపులు మోకాళ్ళంత ఎత్తు, నాన్న ముద్దుల ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. పదకొండేళ్ళుగా షెడ్డులో ముసుగు కప్పుకుని పడుకుంది. పోయిన నెల భోజనాల దగ్గర నాన్న ఉన్నట్టుండి, "దాని హెడ్‌లైట్లు సరిగ్గా వెలిగించినవాళ్ళదే ఆ బండి. ఎవరివల్లా కాకపోతే ఎవడికైనా ఇచ్చి వదిలించుకుంటా" అన్నాడు. నేను వెలిగిస్తానన్నాను. నవ్వాడు. ఆ నవ్వు చూసి ఒళ్ళు మండింది. లేకపోతే నాకేం పట్టింది చెప్పు?

ఇంజను పని తెలిసిన మెకానిక్ ఒకాయన వచ్చి మూడు రోజుల్లో బండిని పలికించాడు. దీపాల దగ్గరకొచ్చేసరికి, "ఈ ఇంగ్లీషు వైర్లు నావల్ల కాదమ్మా" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. కుడి హెడ్‌లైటు అసలు వెలగదు. ఎడమది నీరసంగా, పచ్చగా, కామెర్లొచ్చిన కన్నులా ఉంటుంది. పార్కింగ్ దీపాలు మాత్రం బాగానే ఉన్నాయి.

ఆ వైర్లు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. ఎందుకు తెలుసో కూడా నాకు తెలుసు. ఆ రోజు సంగతుల్లోకి నేను రాను. నాకు దీపాలు కావాలి, అంతే.

జవాబు ఇంటికి రాయకు, కింద ఇచ్చిన ప్రెస్సు చిరునామాకి రాయి. అక్కడ ప్రూఫులు దిద్దుతాను. పొద్దస్తమానం పక్కవాళ్ళ తప్పులు వెతకడమే ఉద్యోగం. ఇంట్లో నేనంటే ఎవరికీ ఎందుకు పడదో నీకీపాటికి అర్థమై ఉంటుంది.

నీ మేనకోడలు


11 జూన్ 1998

పిల్లా,

నీ ఉత్తరం లిఫ్టు గుంటలో కూర్చుని చదివాను. లిఫ్టు దిగి ఆగే అంతస్తుకి కింద ఒక గొయ్యి ఉంటుంది, నా ఉద్యోగం అక్కడ. పద్నాలుగంతస్తుల బిల్డింగు, ఆరు లిఫ్టులు. ఏదో ఒకటి రోజూ అలుగుతుంది. దాన్ని బుజ్జగించి పైకి పంపుతాను. లిఫ్టులో దీపం పోతే జనం తిడతారు తప్ప ఎవరి చెయ్యీ పోదు. అందుకే ఈ పనిలో చేరాను.

కార్ల దీపాలు నేను ముట్టుకోను. ఎవరడిగినా రాదని చెబుతాను. సంగతుల్లోకి రానని నువ్వు రాశావు కానీ నేను రాకుండా ఎలా రాయను? పాత కార్ల పోటీకి వెళ్ళి చీకటి పడ్డాక తిరిగొస్తుంటే మలుపులో రెండు దీపాలూ ఒకేసారి ఆరిపోయాయి. బండి కల్వర్టు గోడకి కొట్టుకుంది. మీ నాన్నకి గీతలు పడ్డాయి. మా అక్క కుడిచెయ్యి నలిగిపోయింది. ఆ దీపాలు అంతకు రెండు నెలల ముందు బిగించింది నేను. ఆసుపత్రికి పరుగెత్తుకొస్తే వార్డు తలుపు దగ్గర బావ అందరి ముందూ అన్న మాట నీకు గుర్తుందో లేదో. "నీ చేతుల్తోనే మీ అక్క చెయ్యి తీశావు కదరా!" నువ్వు అక్కడే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నావు. రెండు జడలు, ఒకదానికి రిబ్బను లేదు.

ఇలాంటివాడి దగ్గర దీపాల సలహా అడుగుతున్నావు. నీకు ధైర్యమైనా ఉండాలి, బుద్ధైనా లేకుండా పోవాలి. ఈ ఉత్తరం అక్కే రాయించిందా? ఆ ఒక్కటీ చెప్పు.

సరే, రాసుకో. మొదట బ్యాటరీ చూడు. మామూలు కార్లలో మైనస్ బాడీకి పోతుంది. దొరసానిది అంతా ఉల్టా, ప్లస్ బాడీకి పోవాలి. మీ మెకానిక్ అలవాటు కొద్దీ తిప్పేసి ఉంటాడు. తరువాత ఒక చిన్న బల్బుకి రెండు వైర్లు అతికించుకో, అదే నీ టెస్టు ల్యాంపు. నీలం వైరులో తెల్లగీత ఉంటే దూరం కాంతి, ఎర్రగీత ఉంటే దగ్గర కాంతి. నల్లవైరు బాడీకి పోతుంది, దాన్ని ఎర్త్ అంటాం. ఎడమది నీరసంగా ఉందంటే కరెంటు వస్తోంది, తిరిగి పోవడానికి సరైన దారి లేదు. ఆ నల్లవైరు బోల్టు విప్పి చూడు. కింద రంగో తుప్పో ఉంటుంది. ఇనుము తెల్లగా కనపడేదాకా గీకు. కుడిదానికి రేడియేటరు పక్కన ఇత్తడి గొట్టాల్లో గుచ్చిన జాయింట్లు ఉంటాయి. ఒక్కొక్కటీ లాగి, ఉప్పుకాగితంతో రుద్ది మళ్ళీ గుచ్చు.

పని చేసేముందు బ్యాటరీ వైరు తీసెయ్. ఉంగరాలుంటే అవి కూడా.

మీ మామయ్య


22 జూన్ 1998

మామయ్యా,

వెలిగాయి! రెండూ వెలిగాయి. షెడ్డు తలుపులు మూసి స్విచ్చి లాగితే ఎదురుగోడ మీద సున్నం పెచ్చులు కూడా లెక్కపెట్టేటట్టున్నాయి. నేను ఎగిరి గంతేశాను, తల రేకుకి తగిలింది. బొప్పి ఇంకా ఉంది.

నువ్వన్నట్టే బ్యాటరీ తిప్పేసి పెట్టాడు. డాష్‌బోర్డు మీద ముల్లు వెనక్కి ఎందుకు నడుస్తోందా అని నేను వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఎర్త్ బోల్టు కింద రంగు మూడు పొరలుంది. కుడి జాయింటు లాగితే వైరు నా చేతిలోకి వచ్చింది, గొట్టం అక్కడే ఉండిపోయింది. దానికి కొత్తది వేశాను. గోళ్ళల్లో మసి పోవడం లేదు. ప్రెస్సులో ఫోర్‌మన్ నా వేలిముద్ర పడిన ప్రూఫు చూసి, "ఇది తప్పా, సంతకమా?" అని అడిగాడు.

నీ ప్రశ్నకి జవాబు. అమ్మ రాయించలేదు. కానీ నీతో ఉత్తరాలు నడుస్తున్నాయని పసిగట్టింది. షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మామయ్య ఏం రాశాడే?" అంది. దీపాల గురించి అన్నాను. "దీపాల గురించేనా? ఇంకేమైనా రాశాడా?" అంది. ఇంకేం లేదన్నాను. కాసేపుండి మళ్ళీ అదే అడిగి లోపలికి వెళ్ళిపోయింది. పదకొండేళ్ళలో నీ పేరెత్తడం ఇదే మొదటిసారి.

అమ్మ చెయ్యి గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. మూడు వేళ్ళు ముడుచుకోవు. కత్తెర, సూది పట్టుకోలేదు. కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంది, దాని మీద దుప్పటి మడతలు పెడుతున్నాం.

ఒక చిన్న సందేహం. పది నిమిషాలు వెలిగాక ఏదో కాలిన వాసన వచ్చింది. బొప్పి కట్టిన తల కాబట్టి నా భ్రమేమో.

నీ మేనకోడలు


1 జూలై 1998

అమ్మడూ,

అక్క అడిగిందా? రెండుసార్లు అడిగిందా? ఆ నాలుగు వాక్యాలూ లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతూ చదివాను. పదకొండో అంతస్తు ఆవిడ ఎక్కి, "ఏం బాబూ, మంచి కబురా?" అంది. మా అక్క కబురు అన్నాను. ఇన్నేళ్ళలో నాకూ ఒక అక్క ఉందని ఎవరితోనైనా చెప్పడం ఇదే మొదలు.

అడిగితే ఇలా చెప్పు. బాగున్నాడు, నెత్తి మీద జుట్టు సగం పోయింది, నడుముకి బెల్టు పెట్టుకుంటున్నాడు, నువ్వు కుట్టిన నీలం చొక్కా చిరిగిపోయినా పారెయ్యలేదు అని చెప్పు. ఇంకా అడిగితే ఇంకా రాస్తాను.

ఇక వాసన సంగతి. భ్రమ కాదు. ఆ బల్బులు కారుతో వచ్చినవి కావు. ఒక్కొక్కటి వంద వాట్లు, నేను వేశాను. పాతవి గుడ్డిదీపాల్లా ఉన్నాయని అక్క గొణిగితే వేశాను. అంత కరెంటు పాత స్విచ్చి మోయలేదు, అందుకని రిలేలు పెట్టాను. రిలే అంటే అగ్గిపెట్టెంత డబ్బా. స్విచ్చి దానికి మాట మాత్రం చెబుతుంది, బరువంతా డబ్బా మోస్తుంది. బానెట్టు లోపల, రేడియేటరు పక్కన ఎడమ గోడకి రెండు పక్కపక్కన ఉంటాయి.

ఎడమ డబ్బాకి నాలుగో జాయింటు చూడు. రెండిటికీ కరెంటు తెచ్చే లావు వైరు అక్కడ కలుస్తుంది. అది ఊడితే రెండు దీపాలూ ఒకేసారి పోతాయి. నేను బిగిస్తున్న రోజు అక్క మూడుసార్లు భోజనానికి పిలిచింది. మూడోసారికి లేచి వెళ్ళాను. ఆ జాయింటుకి సీసం కరిగించి సోల్డరు పెట్టానా, ఊరికే నొక్కి వదిలేసి వెళ్ళానా? గుర్తు లేదు. ఇది నేను ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. పదకొండేళ్ళుగా ఆ క్షణం గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నాను. ఒకరోజు పెట్టినట్టుంటుంది, ఒకరోజు పెట్టనట్టుంటుంది. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నప్పుడు పెట్టలేదనిపిస్తే ఆ రోజంతా అంతే.

చూసి ఉన్నదున్నట్టు రాయి. నేను బాధపడతానని దాచకు.

మీ మామయ్య


10 జూలై 1998

మామయ్యకి,

ఉన్నదున్నట్టు రాయమన్నావు. రాస్తున్నాను.

రిలేలు లేవు. ఎడమ గోడ నున్నగా ఉంది. టార్చి వేసి, అద్దం పెట్టి, బోర్లా పడుకుని మరీ చూశాను. డబ్బా లేదు, జాయింటు లేదు, వైరు లేదు. స్విచ్చి వెనక చెయ్యి పెడితే చుర్రుమంది, వేలు బొబ్బెక్కింది. నీ వంద వాట్లూ దాంట్లోంచే పోతున్నాయి.

షెడ్డులో బోల్టుల డబ్బా బోర్లిస్తే అడుగున పాత స్విచ్చి ఒకటి దొరికింది. వెనకభాగం మైనంలా కరిగి ముద్దయిపోయింది. ఇదేంటని నాన్ననడిగాను. "అదే, ఆ రోజు కాలిన స్విచ్చి. తరువాత కొత్తది వేయించాను" అన్నాడు. మరి రిలేలేవి అన్నాను. పేపరు పక్కన పెట్టలేదు. "ఎక్కడి రిలేలు? మీ మామయ్య పెద్ద బల్బులు వేసి నాలుగు వైర్లు మెలేసి పోయాడు. చేసిన పని చెప్పుకోలేక ఇప్పుడు కథలల్లుతున్నాడా?"

నేను నిన్ను నమ్మాను మామయ్యా. సోల్డరు, భోజనం పిలుపు, అద్దం ముందు గడ్డం, అన్నీ నమ్మాను. చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. ఇప్పుడు చూస్తే జాయింటు సంగతి దేవుడెరుగు, అసలు డబ్బాలే లేవు. ఆ స్విచ్చి కరిగిందంటే బరువంతా దాని మీదే పడింది. ఎలక్ట్రీషియన్‌వి, ఆ మాత్రం నీకు తెలియదా? చిన్న తప్పు ఒకటి కల్పించుకుని పెద్ద తప్పు దాని కింద దాచావా?

అమ్మకి నీలం చొక్కా సంగతి చెప్పాను. అది వదిలేసి, "రిలేల గురించి రాశాడా?" అంది. రాశాడన్నాను. ముఖం పాలిపోయింది, వెళ్ళి పడుకుంది. నువ్వు రాసిన అబద్ధాలు ఆవిడ దాకా ఎందుకు తీసుకెళ్ళానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

బల్బులు మార్చేసుకుంటాను. ఇక నీకు శ్రమ ఇవ్వను.


16 జూలై 1998

అమ్మాయికి,

సంతకం కూడా పెట్టకుండా పంపావు. బాగుంది.

నేను ఊళ్ళో ఉండగా అందరూ ఇదే మాటన్నారు. అప్పుడు నోరు మూసుకున్నాను, జాయింటు నాదే అయ్యుంటుందని. నా షాపుకి కార్లు రావడం మానేశాయి. సొంత అక్క చెయ్యి తీసినవాడి చేతికి ఎవరు బండి ఇస్తారు? నాలుగు నెలలకి షట్టరు దించి వచ్చేశాను. అవన్నీ మింగాను. కానీ రిలేలే పెట్టలేదన్న మాట మాత్రం మింగను. వంద వాట్ల బల్బులు ఆ స్విచ్చి మీద వదిలేసేంత తెలివితక్కువవాణ్ణి కాను, అందులోనూ పక్కసీట్లో కూర్చునేది మా అక్క.

కరిగిన స్విచ్చి సంగతి ఇన్నేళ్ళకి నీ ద్వారా తెలిసింది. నాకు చెప్పినదల్లా "నీ వైరింగ్ కాలిపోయింది" అనే. బండి దగ్గరికి నన్ను రానివ్వలేదు. రిలేలు బండిలో ఉంటే స్విచ్చి కరగదు. దాని మీద బరువే పడదు. అంటే ఆ సాయంత్రానికి రిలేలు బండిలో లేవు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో నాకు తెలియదు.

ప్రూఫులు దిద్దుతానన్నావు కదా. దిద్దు. ఎడమ గోడ మీద రంగు గీకు. నాలుగు కన్నాలు పెట్టాను, పెన్సిలు దూరేంత. పై రెండూ, కింది రెండూ బెత్తెడు దూరంలో ఉంటాయి. ఉంటే నాకు రాయి. లేకపోతే ఈ ఉత్తరాలన్నీ తీసుకెళ్ళి మీ నాన్న చేతిలో పెట్టు, సంతోషిస్తాడు.

అక్క రిలేల గురించే ప్రత్యేకంగా అడిగిందని రాశావు. అది నాకు అర్థం కాలేదు. అక్కకి రిలే అంటే ఏమిటో నేనే చెప్పాను, గుర్తుండి ఉంటుంది.

మామయ్య


2 ఆగస్టు 1998

మామయ్యా,

ముందు క్షమించు. ఈ మాట ఉత్తరం చివర రాస్తే బాగుండేది కానీ అక్కడిదాకా ఆగలేను.

కన్నాలున్నాయి. ఉప్పుకాగితంతో అరగంట రుద్దితే నాలుగు గుండ్రటి పుట్టీ మచ్చలు తేలాయి. బెత్తెడు బెత్తెడు దూరంలో.

అప్పుడు హాల్లో అద్దాల బీరువా గుర్తొచ్చింది. అందులో ఆ పోటీ కప్పు ఉంది కదా, "అసలు రూపం చెదరకుండా నిలిపినందుకు ప్రథమ బహుమతి" అని చెక్కి ఉంటుంది. దాని వెనక ఫోటో. చిన్నప్పటినుంచీ రోజూ చూస్తున్న ఫోటో. ప్రెస్సు భూతద్దం తెచ్చి ఇప్పుడు చూశాను. బానెట్టు ఎత్తి ఉంది. నాన్న చేతిలో కప్పు. పక్కన అమ్మ, బండి మీద కుడిచెయ్యి ఆనించి నిలబడింది, అయిదు వేళ్ళూ చక్కగా ముడిచి. వెనక ఎడమ గోడ మీద డబ్బాలు లేవు. తాజా రంగుతో నాలుగు మచ్చలున్నాయి. ఫోటో వెనక తారీఖు ఆ రోజుదే.

మిషను గదిలోకి వెళ్ళి అమ్మనడిగాను, "మామయ్య డబ్బాలేవి?" అని. బుకాయిస్తుందనుకున్నాను. ఎడమచేత్తో మిషను కింది సొరుగు లాగింది. బూడిదరంగు గుడ్డసంచీ, మూతికి దారం, లోపల రెండు డబ్బాలు. దాని మీద ఎర్రదారంతో "తమ్ముడివి, జాగ్రత్త" అని కుట్టి ఉంది. నీకు తెలుసుగా అమ్మ కుట్టు, వెనక్కి తిప్పినా ఏది ముందో తెలియదు. ఆ రోజు సాయంత్రం నుంచి అమ్మ సూది పట్టలేదు. అంటే సంచీ అంతకుముందే కుట్టింది.

"నీకు తెలుసా అమ్మా?" అన్నాను.

"తీస్తుంటే పక్కనే ఉన్నా. పోటీకొచ్చేవాళ్ళు బానెట్టు ఎత్తి చూస్తారంట, కంపెనీది కానిది ఏది కనపడినా మార్కులు తీసేస్తారంట. వాడు వద్దన్నాడు కదండీ, రిలేలు లేకుండా ఆ బల్బులు వెయ్యొద్దన్నాడు కదా అన్నాను. బల్బులు అద్దం వెనకుంటాయి, ఎవడు చూస్తాడు, ఒక్క పూటకేం కాదులే, వెలుగుండగా వచ్చేద్దాం అన్నారు మీ నాన్న. పారేస్తారేమోనని సంచీ కుట్టి దాచా. మర్నాడు మళ్ళీ పెట్టించాలనే అనుకున్నామే."

"మరి ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదు?"

అమ్మ సంచీ నా చేతిలో పెట్టింది. "చెప్పాక ఏ మొహంతో ఉండాలే ఆయనతో? పొద్దున లేస్తే ఆ మొహం చూడాలి, ఈ చేత్తోనే అన్నం పెట్టాలి. చెయ్యి తీసినవాడని తలుచుకుంటూ ఒకే ఇంట్లో ఎట్లా బతుకుతాను? మీ మామయ్య దూరంగా ఉన్నాడు. దూరంగా ఉన్నవాడు మోయగలడులే అనుకున్నా."

నేను సంచీ తీసుకెళ్ళి హాల్లో నాన్న ముందు బల్ల మీద పెట్టాను. సంచీ వైపు చూసి, కళ్ళజోడు తీసి, "బహుమతులివ్వడం ఆలస్యం చేశారు. లేకపోతే వెలుగుండగానే వచ్చేసేవాళ్ళం" అన్నాడు. అంతే. ఆలస్యం చేసినవాళ్ళదే తప్పన్నట్టు. కాసేపుండి బండి తాళాలు తెచ్చి సంచీ పక్కన పెట్టాడు. "దీపాలు వెలిగించావుగా. నీదే, తీసుకో." ఇక నోరు మూసుకోమని అర్థం. తీసుకున్నాను మామయ్యా. తీసుకోకుండా ఉండాల్సిందా? నాకు తెలియలేదు.

అసలు సంగతి. రిలేలు వైరు తోకలతో సహా కత్తిరించి తీశారు, జాయింట్లు అలాగే ఉన్నాయి. ఎడమ డబ్బా, నాలుగోది. టేపు విప్పి చూశాను. సోల్డరు పెట్టి ఉంది మామయ్యా. నున్నగా, నిండుగా, ఇప్పటికీ మెరుస్తోంది. లాగి చూశాను, వైరు తెగుతుందేమో కానీ అది ఊడదు.

దీపాలు పూర్తిగా అయ్యాక బండి వేసుకుని నీ దగ్గరికి వస్తాను. అమ్మని కూడా తీసుకురానా? ఈ రెండు రోజులుగా ఏమీ తినడం లేదు.

నీ మేనకోడలు


10 ఆగస్టు 1998

అమ్మడూ,

నువ్వు క్షమాపణ చెప్పాల్సిందేమీ లేదు. ఉన్న తప్పు పట్టుకున్నావు. లేనిదాన్ని కూడా పట్టుకున్నావు, అది నీ ఉద్యోగంలో మామూలే.

సోల్డరు ఉందన్న వాక్యం చాలాసార్లు చదివాను. ఎగిరి గంతేస్తానేమోననుకున్నాను. వెళ్ళి మూడో నంబరు లిఫ్టు తలుపు సరిచేసి వచ్చాను. నాకు కావలసింది ఆ జాయింటు ఒక్కసారి చూడటమే. అప్పుడే చూసుంటే మా ఊళ్ళోనే ఉండేవాణ్ణి, నా షాపు ఉండేది. అది మా అక్క మోకాలికి జానెడు దూరంలో సొరుగులో ఉంది. జాగ్రత్త అని కుట్టి మరీ పెట్టింది.

ఏం రాశాడని నిన్ను రెండుసార్లు అడిగిందంటే నా మీదకి మనసు మళ్ళిందనుకున్నాను. నీలం చొక్కా గురించి కూడా రాశాను. అడిగింది భయంతో. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మీ నాన్న సంగతి వదిలెయ్. ఆయన నాకు బావ, బయటివాడు. కప్పు కోసం చేశాడు, మొహం చెల్లక నా మీద తోశాడు. ఆయన్ని తిట్టుకుంటే కాసేపటికి అయిపోతుంది. అక్కది అలా అయిపోదు. దూరంగా ఉన్నవాడు మోయగలడు అందని రాశావు. ఆ రోజున నేను దూరంగా లేను. నా షాపు మీ వెనకవీధిలోనే ఉండేది. మధ్యాహ్నం పూట అక్క మిషను చప్పుడు నా బల్ల దగ్గరికి వినపడేది. దూరం వచ్చింది ఆ మాట పడ్డాకనే. ఆసుపత్రిలో ఏడు రోజులు గేటు బయట బెంచీ మీద కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే కనపడేవాణ్ణి.

ఇక పని. వంద వాట్ల బల్బులు తీసి పారెయ్, నీకు అరవై చాలు. రిలేలు కొత్తవి కొను, పాతవాటి స్ప్రింగు నమ్మకూడదు. కన్నాలు ఎలాగూ ఉన్నాయి, అక్కడే బిగించు. బ్యాటరీ నుంచి లావు వైరు తెచ్చి మధ్యలో ఫ్యూజు పెట్టు, అప్పట్లో నేను పెట్టలేదు, అది నిజంగా నా తప్పే. నీలం వైరు స్విచ్చి నుంచి డబ్బాకి, డబ్బా నుంచి దీపానికి. ప్లస్ బాడీకి అని మర్చిపోకు. ప్రతి జాయింటుకీ సోల్డరు పెట్టు, పెట్టాక చేత్తో లాగి చూడు, చూశానని ఒక కాగితం మీద తారీఖు వేసి రాసుకో. నవ్వులాటకి చెప్పడం లేదు. స్విచ్చి అరగంట వేసి ఉంచి వెనక చెయ్యి పెట్టు. చల్లగా ఉంటే బయలుదేరు.

రా. బండి చూడాలని ఉంది, నిన్నూ చూడాలని ఉంది. అక్కని తీసుకురాకు. ఎదురుగా వస్తే చెయ్యి చూస్తాను, చెయ్యి చూస్తే కరిగిపోతాను, మళ్ళీ అంతా నేనే మోస్తాను. పాత రిలేలు రెండూ నాకు తెచ్చిపెట్టు. సంచీ వద్దు, అది ఆ సొరుగులోనే ఉండనీ.

ఈ ఉత్తరం అందాక అడుగుతుంది, మామయ్య ఏం రాశాడని. దీపాల గురించే రాశాడని చెప్పు.

మీ మామయ్య